జాకీ పని లేపడం వరకే: ఇంటివద్ద కారు కిందకు వెళ్లే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

పంక్చరైన చక్రం మార్చాలన్నా, బ్రేకు ప్యాడ్ల అరుగుదల చూడాలన్నా, ఇంజిన్ ఆయిల్ దించాలన్నా కారును నేలనుంచి కొంత ఎత్తుకు లేపాల్సిందే. అందుకు వాడే జాకీ దాదాపు ప్రతి కారు డిక్కీలోనూ ఉంటుంది. దాన్ని వాడటం కష్టమేమీ కాదు. ఒంటిచేత్తో కొన్ని నిమిషాల్లో టన్ను బరువున్న వాహనాన్ని లేపవచ్చు. ప్రమాదానికి మూలం కూడా ఆ సౌలభ్యమే. తేలిగ్గా లేచిన కారు తేలికైనదిగా అనిపిస్తుంది, లేచిన కారు అలాగే నిలుస్తుందన్న భరోసా కలుగుతుంది.

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒక్కటే. జాకీ కారును లేపడానికి మాత్రమే. లేపిన కారును నిలిపి ఉంచే పని జాక్ స్టాండ్లది. జాకీపై మాత్రమే నిలిచి ఉన్న కారు కింద తల, చేయి, కాలు, శరీరంలోని ఏ భాగమూ ఉండకూడదు. కింద పడిన పానా తీసుకోవడానికి ఒక్క క్షణం వంగినా ఈ నియమాన్ని దాటినట్లే.

ఈ ప్రమాదం ఏదో ఒక దేశానికి పరిమితమైనది కాదు. ఆస్ట్రేలియాలో జాకీలు, ట్రాలీ జాకీలు, వాహనాలను నిలిపే స్టాండ్లు, ర్యాంపులకు వినియోగదారుల చట్టం కింద తప్పనిసరి భద్రతా ప్రమాణాలు ఉన్నాయి. ఇంట్లో సొంతంగా మరమ్మతులు చేసుకునేవారు కారు కింద నలిగి మరణిస్తున్నందునే అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఈ విషయమై పదేపదే హెచ్చరికలు జారీ చేస్తోంది.

జాకీ ఎందుకు ఒరుగుతుంది, ఎందుకు దిగుతుంది

చిన్న హ్యాచ్‌బ్యాక్ కార్లు సుమారు 750 నుంచి 950 కిలోలు, మధ్యతరహా సెడాన్లు 1,000 నుంచి 1,200 కిలోలు తూగుతాయి. పెద్ద ఎస్‌యూవీల బరువు 1,500 కిలోలు దాటుతుంది, కొన్నింటిది 2,000 కిలోల పైమాటే. ఇంజిన్ ముందువైపు ఉండి, ముందు చక్రాలతో నడిచే కార్లలో మొత్తం బరువులో దాదాపు 60 శాతం ముందు చక్రాలపైనే ఉంటుంది. అంటే 900 కిలోల చిన్న కారు ముందుభాగాన్ని లేపినా జాకీ మోసేది 500 కిలోలకు పైగానే.

హైడ్రాలిక్ జాకీ పనిచేసేది ద్రవపీడనంతో. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట కలిగించిన పీడనం అన్నివైపులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ వివరించారు. ఆ సూత్రం ఆధారంగా ఇంగ్లండ్‌కు చెందిన జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందారు. నేటి జాకీ అదే వంశానికి చెందినది. ఉదాహరణకు పంపు పిస్టన్ వ్యాసం 10 మిల్లీమీటర్లు, లేపే పిస్టన్ వ్యాసం 30 మిల్లీమీటర్లు అయితే వైశాల్యం 9 రెట్లు, కాబట్టి బలమూ 9 రెట్లు పెరుగుతుంది. పిడి పొడవు వల్ల కలిగే లాభం దీనికి తోడవుతుంది. అందుకే వందల కిలోల బరువును చేతి బలం లేపగలుగుతుంది.

అయితే ఆ బరువును ఆపుతున్నది లోపలి నూనె, దాన్ని బయటకు పోనివ్వని రబ్బరు సీళ్లు, ఒక చిన్న వాల్వు. సీలు అరిగినా, వాల్వులో ఇసుకరేణువు ఇరుక్కున్నా నూనె పక్కకు జారుతుంది. కారు మెల్లగా దిగవచ్చు, ఒక్కసారిగా కూలనూ వచ్చు. బయటకు బాగానే కనిపించే జాకీలోనూ ఈ లోపం ఉండవచ్చు.

రెండో ముప్పు ఒరగడం. జాకీ ఆధారపడేది చిన్న పీఠం మీద. కారు కొన్ని సెంటీమీటర్లు ముందుకో వెనక్కో కదిలితే జాకీ తలభాగం కారుతోపాటు జరుగుతుంది, అడుగుభాగం మాత్రం నేలకే అంటి ఉంటుంది. ఒకసారి ఒరగడం మొదలైతే కారు బరువే దాన్ని మరింత తోస్తుంది. బిగిసిన నట్టును విప్పడానికి కారు కింద పడుకొని పానాను బలంగా లాగడం ఇలాంటి కదలికకు చాలు.

ఏ జాకీ ఏ పనికి

కారుతోపాటు వచ్చేది సాధారణంగా కత్తెర ఆకారంలోని స్క్రూ జాకీ. ఇందులో నూనె ఉండదు కనుక కారే భయం లేదు. కానీ పీఠం ఇరుకైనది కావడంతో ఒరిగే గుణం ఎక్కువ. దారిలో చక్రం మార్చుకోవడానికి మాత్రమే దీన్ని ఉద్దేశించారు. ఇంటివద్ద మరమ్మతులకు ఇది తగదు.

బాటిల్ జాకీ బలమైనదే అయినా మొదటి ఎత్తు ఎక్కువ. చిన్న కార్ల కింద చాలాసార్లు పట్టదు. లారీలు, పెద్ద వాహనాలకు ఇది అనువు.

ఇంటివద్ద పనికి అన్నిటికంటే మేలైనది చక్రాలున్న ట్రాలీ జాకీ. దీని పీఠం వెడల్పు, తల వెడల్పు. ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోవాలి. ట్రాలీ జాకీ చేయి నిట్టనిలువుగా లేవదు, వంపుగా లేస్తుంది. ఆ వంపుకు తగ్గట్టు జాకీ కొంచెం ముందుకు దొర్లాలి. దాని చక్రాలు మట్టిలో దిగబడినా, టైల్స్ సందులో ఇరుక్కున్నా జాకీ దొర్లదు. అప్పుడు దాని తల కారు అడుగున జారడం మొదలవుతుంది.

జాకీపై రాసి ఉన్న సామర్థ్యం వాహనం బరువుకు తగినదై ఉండాలి. ఆయిల్ కారుతున్న జాకీని, బరువు పెట్టగానే తనంతట తానే దిగుతున్న జాకీని వాడకూడదు.

ఎక్కడ లేపాలి

నేల సమతలంగా, గట్టిగా ఉండాలి. మంచి కాంక్రీటు నేల అన్నిటికంటే నయం. మన ఇళ్లముందు సాధారణంగా కనిపించే నేలలన్నీ ఇందుకు పనికిరావు. వానకు నానిన మట్టిలో జాకీ గానీ స్టాండు గానీ ఒకవైపు దిగబడుతుంది. ఇసుకపై పరిచిన పేవర్ టైల్స్ ఒక్కచోట బరువు పడితే కుంగుతాయి. నునుపైన షాబాదు బండలు, గ్రానైటు పలకలు తడిస్తే జారతాయి. కింద ఖాళీ ఉన్న బండ పగలవచ్చు. డ్రైనేజీ మూతలపై, నీటి సంపు పైకప్పుపై జాకీ పెట్టకూడదు. వేసవి మధ్యాహ్నం తారురోడ్డు మెత్తబడి స్టాండు కాళ్లు అందులో దిగుతాయి. తప్పనిసరి అయితే వాటి కింద వెడల్పాటి మందపు ప్లైవుడ్ పలక వేయాలి.

గేటు ముందుండే ర్యాంపు, అపార్టుమెంటు సెల్లార్‌లోకి దిగే వాలు దారి ఈ పనికి ఎంతమాత్రం తగవు. కంటికి కనిపించని కొద్దిపాటి వాలైనా లేచిన కారును దొర్లించగలదు.

చక్రాలు కదలకుండా చూడటం

చాలామంది హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి నిశ్చింతగా ఉంటారు. ఈ రెండూ ఏ చక్రాలను ఆపుతున్నాయో తెలుసుకోవడం అవసరం.

అధిక శాతం కార్లలో హ్యాండ్ బ్రేక్ వెనుక చక్రాలపైనే పనిచేస్తుంది. కారు వెనుకభాగాన్ని లేపితే ఆ చక్రాలు గాలిలో ఉంటాయి కనుక హ్యాండ్ బ్రేక్ ఉన్నా లేనట్లే. ముందు చక్రాలతో నడిచే కారులో గేరు ఆపేది ముందు చక్రాలను. ముందుభాగాన్ని లేపితే గేరు ప్రభావం పోతుంది. ఒక్క ముందు చక్రం గాలిలోకి లేచినా సరిపోతుంది. రెండు చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ కారణంగా గాలిలోని చక్రం ఒకవైపు తిరుగుతూ, నేలపైనున్న చక్రాన్ని మరోవైపు దొర్లనిస్తుంది. ఆటోమేటిక్ కార్లలో ‘పి’ స్థానానికీ ఇదే వర్తిస్తుంది.

అందువల్ల నేలపై ఉన్న చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టడం తప్పనిసరి. ముందుభాగం లేపితే వెనుక చక్రాలకు, వెనుకభాగం లేపితే ముందు చక్రాలకు అడ్డు ఉండాలి. దుకాణాల్లో దొరికే రబ్బరు అడ్డులు గానీ, ఏటవాలుగా కోసిన గట్టి చెక్క దిమ్మెలు గానీ వాడవచ్చు. గుండ్రటి రాళ్లు టైరు తాకిడికి దొర్లిపోతాయి.

వెనుక బ్రేకు డ్రమ్ము ఊడదీయాలంటే హ్యాండ్ బ్రేక్ వదలక తప్పదు. అప్పుడు కారును ఆపేవి గేరు, ముందు చక్రాల అడ్డులు మాత్రమే. ఈ సందర్భంలో అడ్డులను రెండోసారి సరిచూడాలి.

జాకీని ఎక్కడ ఆనించాలి

ప్రతి కారుకూ జాకీ ఆనించడానికి బలపరిచిన చోట్లు ఉంటాయి. సాధారణంగా ముందు చక్రానికి కాస్త వెనుక, వెనుక చక్రానికి కాస్త ముందు, తలుపుల కింది ఇనుప అంచుపై గాడి రూపంలో గానీ చిన్న గుర్తు రూపంలో గానీ ఇవి కనిపిస్తాయి. ట్రాలీ జాకీకి కొన్ని కార్లలో ముందు అడ్డదూలం మధ్య భాగం అనుమతిస్తారు. ఈ వివరాలు యజమానికిచ్చే పుస్తకంలో బొమ్మలతో ఉంటాయి. ఊహపై ఆధారపడటం కంటే ఆ పుటను ఒకసారి తెరవడం మేలు.

ఇంజిన్ ఆయిల్ చాంబర్, గేర్‌బాక్స్, సైలెన్సర్ గొట్టం, ఇంధన ట్యాంకు, రేడియేటర్ కింది పట్టీ, ప్లాస్టిక్ అంచులు బరువు మోయడానికి చేసినవి కావు. అక్కడ జాకీ పెడితే ఆ భాగం నలిగిపోతుంది, లేదా కారు జారిపోతుంది. తుప్పుపట్టిన కింది అంచు కూడా నమ్మదగినది కాదు. సముద్రతీర పట్టణాల్లో తిరిగే పాత కార్లలో ఈ భాగాన్ని ముందుగా తట్టి చూడాలి.

విద్యుత్ కార్లలో అడుగుభాగం నిండా బ్యాటరీ పేటిక ఉంటుంది. నిర్దేశించిన చోట్ల తప్ప మరెక్కడ జాకీ తగిలినా ఆ పేటిక దెబ్బతినవచ్చు. చార్జింగ్ కేబుల్ తొలగించి, వాహనాన్ని పూర్తిగా ఆపివేశాకే పని మొదలుపెట్టాలి.

స్టాండ్లపై నిలపడం

స్టాండ్లు సాధారణంగా రెండు రకాలు. ఒకటి పళ్లచక్రం తరహా, మరొకటి రంధ్రాల్లో ఇనుప పిన్ను దూర్చే తరహా. పళ్లు పూర్తిగా కుదురుకున్నాయా, పిన్ను రెండువైపులా బయటకు వచ్చిందా అని చూడకుండా బరువు పెట్టకూడదు. వాటిపై రాసిన సామర్థ్యం ఒక్కో స్టాండుదా, జతదా అన్నది కొనేటప్పుడే చదవాలి.

స్టాండ్లలోనూ లోపాలు ఉండవచ్చు. అమెరికాలో హార్బర్ ఫ్రైట్ సంస్థ 2020లో పిట్స్‌బర్గ్ పేరుతో విక్రయించిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిపించింది. పళ్లు సరిగా పట్టుకోక, బరువు మీద ఉండగా స్టాండు ఒక్కసారిగా దిగే అవకాశం ఉందన్నది కారణం. వాటికి బదులుగా ఇచ్చిన కొన్ని స్టాండ్లలో వెల్డింగ్ లోపం బయటపడటంతో వాటినీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఒకే ఆధారాన్ని నమ్ముకోరాదనడానికి ఇది గట్టి ఉదాహరణ.

పని వరుస ఇలా ఉండాలి:

- కారులో ఎవరూ కూర్చొని ఉండకూడదు. డిక్కీలోని బరువులు తీసేయాలి.
- చక్రం విప్పే పని ఉంటే, నట్లను కారు నేలపై ఉండగానే పావు చుట్టో అర చుట్టో వదులు చేయాలి. గాలిలో లేచిన కారుపై పానాతో బలప్రయోగం చేయకూడదు.
- హ్యాండ్ బ్రేక్, గేరు వేసి, చక్రాలకు అడ్డులు పెట్టాలి.
- జాకీ తల సరైన చోట ఆనిందో లేదో చూస్తూ మెల్లగా లేపాలి. కారు పక్కకు ఒరుగుతున్నట్లు అనిపిస్తే దించి మళ్లీ మొదలుపెట్టాలి.
- స్టాండు పట్టేంత ఎత్తుకు మాత్రమే లేపాలి. ఎత్తు పెరిగేకొద్దీ నిలకడ తగ్గుతుంది.
- స్టాండ్లను చేత్తో పక్కనుంచే జరిపి, బలమైన చోట్ల కింద నిలపాలి. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. నాలుగు కాళ్లూ నేలకు ఆనాలి.
- జాకీని మెల్లగా దించి, బరువును స్టాండ్లకు అప్పగించాలి.

కిందకు వెళ్లే ముందు, ఎవరూ కింద లేనప్పుడు, కారును పక్కనుంచి చేతులతో గట్టిగా తోసి చూడాలి. కదిలితే, కిర్రుమని శబ్దం వస్తే, స్టాండు కాలు ఏదైనా నేలనుంచి లేస్తే మొదటినుంచీ మళ్లీ చేయాలి. ఇప్పుడు పడాల్సిన కారు ఇప్పుడే పడటం మంచిది.

తర్వాత జాకీని బరువు మోయకుండా, కారు అడుగును తాకీతాకనట్లుగా అక్కడే ఉంచవచ్చు. ఊడదీసిన చక్రాన్నో స్టెప్నీనో తలుపుకింద భాగంలో పడుకోబెట్టి ఉంచాలి. స్టాండు తప్పినా చక్రం ఎత్తు మేరకు ఖాళీ మిగులుతుంది. ఆ కొద్ది ఖాళీయే ప్రాణాన్ని నిలపవచ్చు.

ఇటుకలు, దిమ్మెలు ఎందుకు వద్దు

స్టాండ్లు లేనిచోట చాలామంది ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, రాళ్లు పేరుస్తారు. గోడలో వరుసగా పేర్చిన ఇటుక అంతస్తును మోస్తుంది కదా అన్నది వారి వాదన. గోడలో బరువు ఇటుక మొత్తం మీద సమానంగా పడుతుంది. కారు కింది అంచు సన్నని ఇనుప రేకు. అది ఒక్క గీతపై బరువంతా మోపుతుంది. ఇటుక, కాంక్రీటు పెళుసు పదార్థాలు. ఇనుములా వంగి ముందస్తు హెచ్చరిక ఇవ్వవు, ఒక్కసారిగా పగిలిపోతాయి. లోపల బోలుగా ఉండే సిమెంటు దిమ్మెలు మరీ ప్రమాదకరం. ఒకదానిపై ఒకటి వదులుగా పేర్చిన చెక్కలు జారతాయి, టైర్లు నొక్కుకుపోతాయి.

ఆయిల్ మార్పు వంటి చక్రాలు విప్పనవసరం లేని పనులకు ర్యాంపులు మంచి ప్రత్యామ్నాయం. ముందు చక్రాలను ర్యాంపుపైకి ఎక్కించి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనుక చక్రాలకు అడ్డు పెడితే చాలు. ఎక్కించేటప్పుడు దారి చూపే వ్యక్తి కారుకు ఎదురుగా నిలబడకూడదు, పక్కనే ఉండాలి.

కింద పని చేస్తున్నప్పుడు, దించేటప్పుడు

ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకూడదు. ఇంట్లో మరొకరికి చెప్పి, వీలైతే దగ్గరలోనే ఉండమనాలి. ఫోను చేతికందే చోట ఉండాలి. ఆడుకునే పిల్లలు కారు తలుపు తీసి లోపలికి ఎక్కకుండా తలుపులకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. స్టాండ్లపై ఉన్న కారు ఇంజిన్‌ను స్టార్ట్ చేయకూడదు.

దించే ముందు కింద పనిముట్లు, నూనె గిన్నెలు లేకుండా చూడాలి. జాకీతో కొద్దిగా లేపి, స్టాండ్లు తీసి, వాల్వును మెల్లగా తిప్పుతూ దించాలి. చక్రాల నట్లను ముందు చేత్తో, తర్వాత పానాతో, ఒకదాని తర్వాత దానికి ఎదురుగా ఉన్నదాన్ని బిగిస్తూ పోవాలి. చివరి బిగింపు కారు నేలపై నిలిచాకే. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూసుకోవాలి.

దారిలో పంక్చరైతే

మనం స్టెప్నీ అని పిలుచుకునే అదనపు చక్రానికి ఆ పేరు బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంనుంచి వచ్చింది. అక్కడి లానెల్లీ పట్టణంలో స్టెప్నీ వీధికి చెందిన సంస్థ 1904 నుంచి తయారుచేసిన అదనపు చక్రమే దీనికి మూలం. ఇంగ్లండ్‌లో మరుగునపడిన ఆ మాట భారత ఉపఖండంలో ఇంకా బతికే ఉంది.

రహదారిపై చక్రం మార్చాల్సి వస్తే జాకీ కంటే ముందు ట్రాఫిక్ గురించి ఆలోచించాలి. చక్రం పాడైనా సరే, కొద్దిదూరం మెల్లగా నడిపి సమతలమైన, రోడ్డుకు దూరమైన చోటుకు చేర్చడం మేలు. ప్రమాద సూచిక లైట్లు వేసి, హెచ్చరిక త్రిభుజాన్ని వెనుక దూరంగా ఉంచాలి. ప్రయాణికులను దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టాలి. వాహనాలు దూసుకెళ్లే వైపున చక్రం పాడై, జరపడానికి చోటు లేకపోతే జాకీ పెట్టకుండా సహాయం కోరాలి. జాతీయ రహదారులపై 1033 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ప్రమాదం జరిగితే

ఛాతీపై కారు బరువు పడిన వ్యక్తి ఊపిరి తీసుకోలేడు. పక్కటెముకలు విరగకపోయినా ఛాతీ విచ్చుకోకపోతే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. కాబట్టి లాగడానికి ప్రయత్నిస్తూ సమయం వృథా చేయకూడదు. జాకీని గట్టి చోట ఆనించి వెంటనే కారును లేపాలి. జాకీ లేకపోతే ఇరుగుపొరుగును కేకవేసి అందరూ కలిసి ఎత్తాలి. లేపిన కొద్దీ కింద చక్రాలు, దిమ్మెలు తోస్తూ మళ్లీ పడకుండా చూడాలి. అదే సమయంలో మరొకరు 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. బయటపడిన వ్యక్తి మామూలుగా మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. లోపలి గాయాలు వెంటనే కనిపించకపోవచ్చు.

ఏ పనులు మెకానిక్‌కు వదలాలి

ఎయిర్ ఫిల్టర్, బ్యాటరీ, బల్బుల వంటి వాటికి కారును లేపనక్కరలేదు. చక్రాల మార్పు, బ్రేకుల పరిశీలన, ఆయిల్ మార్పు పైన చెప్పిన జాగ్రత్తలతో ఇంట్లో చేసుకోవచ్చు. గేర్‌బాక్స్, క్లచ్, ఇంధన ట్యాంకు దించడం, సస్పెన్షన్ స్ప్రింగులు మార్చడం వంటివి లిఫ్టు ఉన్న వర్క్‌షాపులో జరగాల్సినవి. వాటిలో బరువైన భాగం ఊడదీయగానే కారు సమతూకం మారిపోతుంది, బలంగా లాగాల్సిన అవసరమూ ఎక్కువే.

మంచి స్టాండ్ల జత, రెండు జతల అడ్డులు, ఒక ట్రాలీ జాకీ ఒకసారి కొంటే ఏళ్ల తరబడి పనికొస్తాయి. అవి లేని రోజున కారు కిందకు వెళ్లాల్సిన పనిని వాయిదా వేయడమే సరైన నిర్ణయం.